పంపు ఆపిన మధ్యాహ్నాలు

పొద్దున్న ఆరున్నరకి హాల్లోకి వచ్చి, లైటు వేయకముందే చిట్టి చెవి రిక్కించింది. అక్వేరియం కింద చెక్క అరలో గాలి పంపు గుర్రుమంటూనే ఉంది. ఆ చప్పుడు వినపడితేనే ఆమెకి తెల్లవారినట్టు. ఆ తర్వాతే లైటు, ఆ తర్వాతే కళ్ళజోడు, ఆ తర్వాత చేపల లెక్క.

లెక్కపెడితే ఏడే ఉన్నాయి. నిన్న పడుకోబోయే ముందు ఎనిమిది.

ఎనిమిదోది ప్లాస్టిక్ మొక్క వెనక పక్కకి వాలి తేలుతోంది. అన్నయ్య దానికి గుమాస్తా అని పేరు పెట్టాడు. నుదుట నల్లమచ్చతో, ఎప్పుడూ తలొంచుకుని గులకరాళ్ళలో ఏదో వెతుక్కుంటూ తిరిగేది పాపం. చిట్టి చిన్న వలతో దాన్ని పైకి తీసి పాత కాగితంలో చుట్టింది. ఇది అయిదోది. ప్రతిసారీ ఇదే చివరిదిలే అనుకోవడం, పది రోజులు తిరక్కుండానే మళ్ళీ కాగితం కోసం వెతుక్కోవడం. ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

"మళ్ళీనా?" అంది.

"ఊఁ."

"కాఫీ అక్కడ పెట్టాను."

"ఊఁ."

ఆ ఇంట్లో ఆ పూటకి మాటల కోటా అక్కడితో అయిపోయింది.

చిట్టి అంటే ఎవరో చిన్నపిల్ల అనుకునేరు. యాభై ఆరేళ్ళ మనిషి, జుట్టు సగం నెరిసింది. అన్నయ్య పెట్టిన ముద్దుపేరు అలా అతుక్కుపోయిందంతే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి అలిసిపోయారు. అమ్మ పోయాక అన్నయ్య ఇంటికి వచ్చి, ఆ ఇంట్లోనే ఇరవై రెండేళ్ళుగా ఉంటోంది. అన్నయ్యకీ వదినకీ పిల్లల్లేరు. ముగ్గురే మనుషులు, మూడో అంతస్తులో రెండు పడకగదులు, హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల గాజు తొట్టి.

అన్నయ్య బస్సు డిపోలో మైకు మనిషి. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికి బయల్దేరుతుందో రోజంతా మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ నోట్లో నాలుక లేనట్టుండేవాళ్ళు కాబట్టి ఇద్దరి బదులూ ఆయనే మాట్లాడేసేవాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. వంటింట్లో నుంచి వదినగారు మిమ్మల్ని కూర సరిపోతుందా అని అడుగుతున్నారు" అనేవాడు చిట్టితో. "సరిపోతుందని చెప్పు అన్నయ్యా" అనేది చిట్టి. వదిన పది అడుగుల దూరంలోనే ఉండేది. అయినా ఆయన మళ్ళీ ఆ కబురుని అవతలికి మోసుకెళ్ళేవాడు. ఇరవై రెండేళ్ళు వదినా ఆడపడుచులు అలాగే కాపురం చేశారు. వాళ్ళ మధ్య ఏనాడూ ఒక్క గొడవ లేదు. గొడవ పడాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా.

ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ ఆయన అద్దం ముందే కూలిపోయాడు. డిపోలో మైకు దగ్గరికి ఇంకొకరు వచ్చి ఉంటారు. ఈ ఇంట్లోకి మాత్రం ఎవరూ రాలేదు.

ఆ తర్వాత అక్వేరియం చిట్టి వంతయింది. అన్నయ్య చేసినట్టే పొద్దున్నే పంపు ఆపి, మేత వేసి, అయిదు నిమిషాలకి మళ్ళీ పంపు పెట్టేది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పి, సంచీ అయినా దించకుండా తొట్టి ముందు నిలబడేది. "ఏరా బుంగమూతీ, అన్నం తిన్నావా? బద్ధకం, నువ్వు ఇవాళైనా కదిలావా?" అని గొంతు తగ్గించి మాట్లాడుకునేది. వెనకాల వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యేది. చిట్టి దాన్ని పట్టించుకోలేదు.

విచిత్రం ఏమిటంటే, వినడమే ఆమె ఉద్యోగం. చెవి పరీక్షలు చేసే చోట ఇరవై ఏడేళ్ళుగా పని చేస్తోంది. గోడల నిండా మెత్తటి దిండ్లు అతికించిన చిన్న గదిలోకి మనిషిని పంపి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇస్తారు. చిట్టి గాజు పలకకి ఇవతల కూర్చుని సన్నటి చప్పుళ్ళు పంపుతుంది. వినపడ్డప్పుడల్లా అవతలి మనిషి మీట నొక్కాలి. "ఇప్పుడు వినిపిస్తోందా అండీ? ఇదో, ఇది?" అని రోజుకి వందసార్లు అడుగుతుంది. అంత ఓపికగా అడిగే మనిషి ఇంకొకరు లేరని అందరూ ఆమె దగ్గరికే వస్తారు.

గుమాస్తా పోయిన రోజున ఆమె దగ్గరికి రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. నెలకోసారి తప్పకుండా వస్తారు. చెవులు నిక్షేపంలా ఉన్నాయని చెప్పి పంపినా మళ్ళీ వస్తారు. ఆ రోజు ఆయన చప్పుడు లేనప్పుడు కూడా మీట నొక్కుతూ కూర్చున్నారు.

"మాస్టారూ, నేను ఏమీ పంపకుండానే నొక్కుతున్నారేమిటండీ?" అంది చిట్టి మైకులో.

"మీరు అవతల కూర్చుని నాకోసమే చూస్తున్నారు కదమ్మా. నొక్కకపోతే ఏం బాగుంటుంది?" అన్నారాయన.

చిట్టి నవ్వింది. ఆయన వెళ్ళాక, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక వస్తున్నాడు కాబోలు అనుకుని జాలిపడింది. అది తన ఇంటి సంగతి కూడానని ఆ క్షణాన తట్టలేదు.

సాయంత్రం చేపల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన పెద్ద మాటకారి. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళకి ముందు అరగంట పాఠం చెప్పి, తర్వాతే అమ్ముతాడు.

"పంపు గొట్టం చివర గాలి రాయి మార్చారా?" అన్నాడు.

"మార్చానండీ. బుడగలు బాగానే వస్తున్నాయి."

"బుడగల్ని చూసి మురిసిపోకండి. చేపలు బుడగలు తాగవు. బుడగ పైకొచ్చి పగిలి నీళ్ళని కదిలిస్తుంది చూడండి, అలా పైనీళ్ళు కదిలితేనే గాలి కలిసేది. కదలని నీళ్ళు ఎన్ని ఉన్నా దండగే. ఎండాకాలం మరీను, వేడి నీళ్ళలో గాలి నిలవదు. మేత ఎక్కువైనా, మూత బిగించినా అంతే. సరే, అవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా?"

"లేదండీ. పొద్దున్నా సాయంత్రం చూస్తాను కదా. అడుగునే ఉంటాయి. కాస్త నీరసంగా ఉంటాయంతే."

"మరి పగలు?"

"పగలు నేనుండను."

"ఎవరుంటారు?"

"మా వదిన."

"అయితే ఆవిడని అడగండమ్మా. పగలు కరెంటు పోతోందేమో."

అడగండి అన్నాడు, అక్కడికి అది ఏదో సులువైన పనైనట్టు. ఇంటికొచ్చి చిట్టి వంటింటి గుమ్మం దగ్గర రెండు నిమిషాలు తచ్చాడింది. చివరికి, "పగలు కరెంటు పోతోందా?" అని అడిగింది.

"లేదే," అంది వదిన.

అంతే. ఇంకో మాట అడుగుదామనుకుంది కానీ ఆవిడ అప్పటికే స్టవ్ వైపు తిరిగిపోయింది. చూశావా, పుల్ల విరిచినట్టు ఒక్క ముక్క, ఎందుకని కూడా అడగదు, అని చిట్టి మనసు చివుక్కుమంది. అన్నయ్య ప్రాణంగా పెంచుకున్నవి కళ్ళముందే పోతుంటే ఈవిడకి చీమ కుట్టినట్టయినా లేదు. అసలు తను ఈ ఇంట్లో ఉంటున్నట్టు ఆవిడకి గుర్తుందా అనిపించింది.

ఇలా ఎన్నాళ్ళుగానో అనిపిస్తూండబట్టే పోయిన వారం ఆమె ఒక పని చేసింది. ఆఫీసు పక్క వీధిలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్ ఉంది. వెళ్ళి గది చూసొచ్చింది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. బల్ల పొడవు జానలతో కొలుచుకుంది, తొట్టి సరిగ్గా పడుతుంది. చేపలకి అభ్యంతరం లేదంది వార్డెనమ్మ. ఒకటో తారీఖున వస్తానని చెప్పి ఇంటి ఫోను నంబరు ఇచ్చింది. అన్నయ్య ఉన్నంతవరకూ అది అన్నయ్య ఇల్లు. ఇప్పుడది వదిన ఇల్లు. పిలవని చుట్టంలా ఎన్నాళ్ళుంటుంది? ఆ సంగతి వదినకి ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటిద్దామా అనుకునేదాకా వచ్చింది వ్యవహారం. ఆ ఇంట్లో అది పెద్ద వింతేమీ కాదు.

ఇంకో నాలుగు రోజుల్లో ఒకటో తారీఖనగా, పరీక్ష గదిలో మిషను పాడైంది. బాగుచేసేవాళ్ళు సాయంత్రానికి గానీ రామన్నారు. అందర్నీ ఇళ్ళకి వెళ్ళమన్నారు. పన్నెండున్నరకి మండుటెండలో చిట్టి ఇంటికి బయల్దేరింది. ఇరవై రెండేళ్ళలో మధ్యాహ్నం వేళ పనిరోజున ఇంటికి రావడం ఆమెకి గుర్తులేదు.

మూడో అంతస్తు మెట్లెక్కుతూ సగంలో ఆగింది. ఏదో తేడాగా ఉంది. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి రోజూ తలుపు సందులోంచి పంపు చప్పుడు వినపడాలి. మామూలు మనిషి చెవికి అందదు కానీ ఆమె చెవికి అందుతుంది. ఇవాళ లేదు. ఎదురింటి ఫ్యాను తిరుగుతోంది, కాబట్టి కరెంటు ఉంది. మిగతా మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తాళంచెవి తలుపులో పెట్టబోతూ మళ్ళీ ఆగిపోయింది.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

ఎవరో కాదు, వదిన. ఆవిడ గొంతు అంతసేపు ఆగకుండా వినడం చిట్టికి అదే మొదటిసారి. తలుపు చప్పుడు చేయకుండా తీసింది. వదిన తొట్టి ముందు స్టూలు వేసుకుని, గాజుకి ముఖం దగ్గరగా పెట్టుకుని, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుంది.

"పైనింటి వాళ్ళ కుళాయి మళ్ళీ కారుతోంది. బాల్కనీలో ఆరేసిన దుప్పటి తడిసి ముద్దయింది. అడుగుదామని పైదాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చేశాను, ఏమంటారో అని. మీ చిట్టి ఇవాళ మళ్ళీ అన్నం డబ్బా మర్చిపోయింది. దానికిష్టమని పొద్దున్నే లేచి చేశాను. మర్చిపోయిందో, వద్దనుకుందో. ఎలాగూ వెళ్ళిపోతుందిగా. నిన్న ఆ హాస్టలావిడ ఫోన్ చేసింది, ఒకటో తారీఖు ఖాయమేనా అని. నాకేం తెలుసు? నాకు చెప్తే కదా. మిమ్మల్ని కూడా తీసుకుపోతుందట. మరి నేను ఎవరితో మాట్లాడనర్రా?"

ఏడు చేపలూ నీటి పైఅంచుకి వచ్చేసి ఉన్నాయి. ఏడింటి నోళ్ళూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. నీళ్ళు కదలడం లేదు. దుమ్ము పడకుండా పైన గాజుమూత బిగించి ఉంది. నీటి మీద రొట్టె పొడి తేలుతోంది.

ఆ మాటలన్నీ చిట్టి చెవిన పడ్డాయి. కానీ కంటికి చేపలే కనిపించాయి. సంచీ అక్కడే పడేసి ఒక్క ఉరుకున వెళ్ళి స్విచ్ వేసింది. పంపు గుర్రుమంది. వదిన ఉలిక్కిపడి లేవబోతే స్టూలు వెనక్కి పడింది.

"ఎంతసేపయింది ఇది ఆపి?"

వదిన పడిపోయిన స్టూలు వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్నాను వదినా. ఎంతసేపయింది?"

"నువ్వు వెళ్ళగానే..."

"రోజూనా?"

"రోజూనే. అయిదింటికి పెట్టేస్తాను."

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. "కరెంటు పోతోందా అని అడిగితే లేదన్నావు. మరి ఈ ముక్క చెప్పొద్దా?"

"కరెంటు పోలేదుగా. నువ్వు కరెంటు సంగతే అడిగావు."

"అయిదు చేపలు పోయాయి వదినా. నేను ప్రతి కొట్టూ తిరిగాను. రాయి మార్చాను, నీళ్ళు మార్చాను, మందులు పోశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు. అసలు ఎందుకు ఆపుతున్నావు?"

"ఆపితే వస్తాయి," అంది వదిన.

"ఏమిటి రావడం?"

"నా దగ్గరికి వస్తాయి. మీ అన్నయ్య పొద్దున్నే అది ఆపేవాడు కాదూ? ఆపగానే అన్నీ పైకొచ్చేవి. గుమాస్తా ఇలా అంటున్నాడు, బుంగమూతి అలా అంటోంది అని వాటి మాటలన్నీ ఆయనే చెప్పేవాడు. నేను వంటింట్లోంచి చూస్తుండేదాన్ని. ఆయన పోయాక ఒకరోజు మధ్యాహ్నం ఇల్లంతా గుహలా ఉంటే, తట్టుకోలేక, నేనూ ఆపి చూశాను. కాసేపటికి ఒక్కొక్కటీ వచ్చాయి. నావైపు చూస్తూ నోరు తెరుస్తాయి, మూస్తాయి. నేను చెప్పేదానికి ఆఁ, ఆఁ అంటున్నట్టే ఉంటుంది. ఎంతసేపు కూర్చుంటే అంతసేపూ వెళ్ళవు. పొద్దున్నా సాయంత్రం నీ వంతు కదా. నువ్వు వాటితోనే మాట్లాడతావుగా. మధ్యాహ్నం నా వంతు అనుకున్నాను."

"అన్నయ్య ఆపింది అయిదు నిమిషాలు. మేత కొట్టుకుపోకుండా ఆపేవాడు. వేయడం అవగానే మళ్ళీ పెట్టేవాడు."

"నాకు ఎవరు చెప్పారు?"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎనిమిది నెలల దిగులు ఒక్కసారిగా నోటికొచ్చింది.

"అవి నీతో మాట్లాడటానికి రాలేదు వదినా. ఊపిరాడక వచ్చాయి. ఆ పైన కాస్త గాలి దొరుకుతుందేమోనని వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి."

అన్నాక చిట్టికి తెలిసింది, ఆ మాట అనకుండా ఉండాల్సిందని. వదిన తొట్టి వైపు తిరిగి, తెరుచుకుంటున్న ఆ నోళ్ళని కొత్తగా చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆ అయిదింటినీ నేనే చంపానా?"

చిట్టి చేయి తొట్టి మూత మీదికి వెళ్ళింది.

"ఆయన చేపలు కదా, ఆయన వెనకే వెళ్ళిపోతున్నాయి అనుకున్నాను," అంది వదిన. "పాపం, వీటికైనా దారి దొరికింది అనుకున్నాను చిట్టీ."

ఆ మాటకి చిట్టికి ఏడుపు రాబోయింది. కానీ ఏడవడానికి వేళ కాదు. బుంగమూతి అప్పటికే పక్కకి ఒరిగిపోతోంది. మూత లాగి పక్కన పెట్టింది. వంటింట్లోకి పరిగెత్తి మగ్గు తెచ్చి, తొట్టిలో నీళ్ళే ముంచి, చేయి పైకెత్తి ఎత్తు నుంచి ధారగా మళ్ళీ తొట్టిలోనే పోయడం మొదలుపెట్టింది.

"అదేం పని?" అంది వదిన భయంగా.

"నీళ్ళు కదలాలి వదినా. కదిలితేనే గాలి కలుస్తుంది. ఇంకో గ్లాసు తీసుకురా."

వదిన వెళ్ళి అన్నయ్య కాఫీ తాగే పెద్ద గ్లాసు తెచ్చింది. ఎనిమిది నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి ముంచుతున్నారు, పోస్తున్నారు. నేలంతా తడిసింది, ఇద్దరి చీరలూ తడిశాయి. వదిన చేయి నొప్పెడుతున్నా ఆపలేదు. "ఇంత ఎత్తు చాలా?" అని అడిగింది. "ఇంకాస్త," అంది చిట్టి. "ఇప్పుడో?" "చాలు." మధ్యలో ఎవరూ లేకుండా ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదేనేమో.

ఇరవై నిమిషాలకి అన్నిటికంటే ముందు బద్ధకం కిందికి జారింది. దాని వెనక ఇంకో రెండు. చివరికి బుంగమూతి కూడా ఒకటి రెండుసార్లు తూలి, నిలదొక్కుకుని, గులకరాళ్ళ దాకా వెళ్ళి మూతి ఆనించింది. పైన నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు.

వదిన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి చూసింది.

"వెళ్ళిపోయాయి," అంది.

"కిందికి వెళ్ళాయంటే బాగున్నట్టు వదినా."

"అవునులే. బాగుంటే నా దగ్గరికెందుకు వస్తాయి?" అంది ఆవిడ. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పినట్టే అంది. చిట్టికి అదే భరించలేనట్టుంది. "నువ్వు వీటిని తీసుకెళ్ళిపో చిట్టీ. ఒకటో తారీఖు దాకా కూడా ఆగకు. నా దగ్గరుంటే ఇవి కూడా బతకవు."

చిట్టి తడి నేల మీదే కూలబడింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఎనిమిది నెలలుగా సాయంత్రం పూట వంటింట్లో గిన్నెల చప్పుడు ఎందుకు ఒక్క క్షణం ఆగేదో ఇప్పుడు అర్థమైంది. తను చేపల్ని "అన్నం తిన్నావా" అని అడుగుతుంటే, వెనకాల ఆ మాట తనని ఎవరైనా అడుగుతారేమోనని ఒక మనిషి చేతిలో గిన్నె పట్టుకుని నిలబడేది. వచ్చిపోయే పరాయివాళ్ళని రోజుకి వందసార్లు వినిపిస్తోందా అని అడిగే తను, ఇంట్లో ఉన్న ఒక్క మనిషినీ ఒక్కసారి అడగలేదు. అన్నయ్య ఎందుకు పంపు ఆపేవాడో ఒక్క ముక్క చెప్పి ఉంటే గుమాస్తా బతికి ఉండేది. చెప్పలేదు. ఆవిడకి చేపలంటే పట్టదని తనే తీర్మానించేసుకుంది.

"నువ్వొక్కదానివే కాదు వదినా," అంది ముక్కు చీదుకుంటూ. "మనిద్దరం కలిసి చంపాం వాటిని."

వదిన పడిపోయిన స్టూలు లేపి, దాని మీద కూర్చోకుండా, ఆమె పక్కనే కింద కూర్చుంది. కొంగుతో ముందు చిట్టి ముఖం తుడిచింది, తర్వాత తన ముఖం తుడుచుకుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కింద కూర్చోవడం మానేసి మూడేళ్ళయింది.

"నేను వెళ్తానంటే నీకు హాయిగా ఉంటుందనుకున్నాను," అంది చిట్టి.

"నేను నిన్ను ఆపితే నీకు కష్టంగా ఉంటుందనుకున్నాను. అందుకే అడగలేదు."

"అడగాల్సింది."

"నువ్వు చెప్పాల్సింది."

పంపు గుర్రుమంటోంది.

"పైనింటి కుళాయి కారుతోందన్నావు," అంది చిట్టి.

"అదిప్పుడెందుకులే."

"కాదు, చెప్పు. దుప్పటి తడిసిందన్నావుగా. చేపలకి చెప్పేవన్నీ నాకు చెప్పు."

వదిన మొదట మొహమాటపడింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. చిట్టి "ఆఁ, తర్వాత?" అంది. ఇంకో రెండు మాటలు వచ్చాయి. ఆ తర్వాత పైనింటివాళ్ళ సంగతీ, ఎదురింటావిడ కోడలి సంగతీ, డాక్టరు రాసిచ్చిన కొత్త మాత్రకి కళ్ళు తిరుగుతున్న సంగతీ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. కళ్ళు తిరుగుతున్నాయని ఇన్నాళ్ళూ చేపలకి మాత్రమే తెలుసు. చిట్టి విని కేకలేసింది. ఆ కేకలకి వదిన చాలా రోజుల తర్వాత నవ్వింది.

నాలుగింటికి ఫోను మోగింది. వదిన లేవలేక లేచి తీసింది. ఒక నిమిషం విని, రిసీవరు చిట్టికి అందించింది.

"హాస్టల్ వాళ్ళు. ఒకటో తారీఖు గురించి," అంది. అని వంటింట్లోకి వెళ్ళబోయి, వెళ్ళకుండా, కిటికీ దగ్గర నిలబడి బయటికి చూడసాగింది.

"రావడం లేదండీ," అంది చిట్టి ఫోన్లో. "ఏం లేదండీ, గది బాగానే ఉంది. ఇంట్లో మనిషి ఉన్నారు, అందుకని."

కిటికీ దగ్గరున్న వదిన వెనక్కి తిరగలేదు. కొంగు మాత్రం కళ్ళకి అడ్డుపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి చిట్టి హాల్లోకి వచ్చి లైటు వేయకముందే చెవి రిక్కించింది. పంపు తిరుగుతోంది. లెక్కపెడితే ఏడూ ఉన్నాయి. వదిన అప్పటికే మేత డబ్బా పట్టుకుని తొట్టి పక్కన నిలబడి ఉంది, ఇంకొకరు వచ్చేదాకా ముట్టుకోకూడదని ఎవరో చెప్పినట్టు.

"నువ్వే వెయ్యి," అంది చిట్టి.

వదిన పంపు ఆపి, రెండు వేళ్ళతో చిటికెడు మేత వేసింది. చేపలు జరజరా పైకొచ్చాయి. ఈసారి అవి నిజంగా ఆవిడ కోసమే వచ్చాయి. బుంగమూతి ఆవిడ వేలి దాకా వచ్చి మూతి తాకించి వెళ్ళింది. వదిన గడియారం వైపు చూస్తూనే ఉంది. అయిదు నిమిషాలు కాగానే స్విచ్ వేసేసింది. నీళ్ళు కదిలాయి, చేపలు ఒక్కొక్కటీ ఆవిణ్ణి వదిలేసి కిందికి వెళ్ళిపోయాయి. అవి వెళ్తుంటే ఆవిడ గాజు మీద చేయి ఆనించి చూసింది. కళ్ళు నిండాయి కానీ స్విచ్ మీదికి చేయి పోలేదు. చేయి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

చిట్టి మూత తెరిచి ఉంచిన తొట్టిలోకి చూస్తూ నిలబడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది వదిన. ఎంత గట్టిగా అందామనుకుందో, అంత సన్నగా వచ్చింది. "వంటింట్లో కాఫీ సిద్ధంగా ఉన్నది. ఆఫీసుకి వెళ్ళవలసిన చిట్టి అను ప్రయాణికురాలు..."

అక్కడికొచ్చి ఆగిపోయింది.

చిట్టి చేపల్ని వదిలేసి వంటింటి వైపు నడిచింది. "వస్తున్నాను వదినా," అంది. "బస్సు ఆపు."